బెడ్‌సోర్లు, ఆయాల నడుం నొప్పి: రెండూ నైట్ డ్యూటీ లెక్కలోనే ఉన్నాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 30 పడకల వృద్ధాశ్రమం, అందులో 12 మంది పూర్తిగా మంచానికే పరిమితం. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇద్దరే ఆయాలు. చార్టు చూస్తే రెండు గంటలకోసారి అందర్నీ తిప్పుతున్నట్టే ఉంది, అయినా బెడ్‌సోర్లు (ఒకేవైపు పడుకుని ఉంటే ఒత్తిడికి వచ్చే పుండ్లు) వస్తున్నాయి. ఆయాలేమో నాలుగైదు నెలలకే మానేస్తున్నారు. ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒకరోజు క్లాసు పెట్టిస్తే పనికొస్తుందా, దాన్నే ఎమ్మెస్సీ నర్సింగ్ పరిశోధనగా రాయొచ్చా అన్నది ప్రశ్న.

క్లాసు సంగతి తర్వాత. ముందు కాగితం మీద ఒక గుణకారం చేద్దాం.

రాత్రి 12 గంటల్లో రెండేసి గంటలకు తిప్పాలంటే మనిషికి 6 సార్లు. 12 మందికి 72 సార్లు. మంచం దగ్గరికి వెళ్లి, పిలిచి, తిప్పి, డైపర్ చూసి, దిండ్లు సర్ది, చేతులు కడుక్కుని పక్క మంచానికి వెళ్లేసరికి ఇద్దరు కలిసి చేసినా 6 నిమిషాలు పడుతుంది. 72 ఆరులు 432 నిమిషాలు, అంటే 7 గంటల 12 నిమిషాలు. ఇద్దరూ కూడబలుక్కుని, మధ్యలో ఇంకెవరూ పిలవకపోతే పట్టే సమయం ఇది. మిగతా 18 మందిలో బాత్‌రూమ్‌కి లేచేవాళ్లు, నిద్రపట్టక కేకలేసేవాళ్లు, ట్యూబ్ ఫీడ్ వాళ్లు వేరే. చాలా ఆశ్రమాల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానాలు మొదలుపెడతారు, అదీ ఈ ఇద్దరి నెత్తినే. కాబట్టి చార్టు ఉదయం ఐదున్నరకి ఒక్క ఊపులో నిండుతుంది. తీసి చూడండి: రాత్రంతా గడుల్లో ఒకే పెన్ను, ఒకే వాలు ఉన్న టిక్కులు. ఇది ఆయాల నిజాయితీ సమస్య అనుకుంటే పొరపాటు. చేయలేని పని అప్పజెప్పి సంతకం అడిగితే ఎక్కడైనా సంతకమే వస్తుంది.

అమెరికాలో బియాట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 2006లో ఆసుపత్రి నర్సులను కూర్చోబెట్టి, మామూలుగా వదిలేస్తున్న పనులేవని అడిగి తొమ్మిది రకాలు తేల్చారు. నడిపించడం, రోగిని తిప్పడం, వేళకు తినిపించడం, శుభ్రత, ధైర్యం చెప్పడం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మందులూ ఇంజెక్షన్లలా ఎవరూ గట్టిగా లెక్క అడగని పనులే ఎక్కువగా అందులో చేరాయి. డిగ్రీ చదివిన నర్సుల దగ్గరే అలా ఉంటే, పది రోజుల్లో పని నేర్చుకుని రాత్రి డ్యూటీలో దిగిన ఆయమ్మ దగ్గర అంతకన్నా ఏం ఆశిస్తాం?

కాబట్టి చేయాల్సింది తిప్పే సంఖ్యను తెలివిగా తగ్గించడం, ఒక్కోసారి పట్టే నిమిషాలు తగ్గించడం. రెండింటికీ ఆధారాలున్నాయి.

రెండు గంటల నియమం రాసిపెట్టిన శాసనమేమీ కాదు. అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో 942 మంది వృద్ధులను 2, 3, 4 గంటల బృందాలుగా విడదీసి మూడు వారాలు చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ బృందం చేసింది. మూడు బృందాల మధ్యా పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొత్తం 942 మందిలో 19 మందికే కొత్త పుండ్లు. ఇది విని ‘అయితే నాలుగు గంటలు చాలు’ అని రాసేసుకోకండి. అక్కడ అందరూ హై డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద ఉన్నారు. ఎంపిక చేసిందీ మధ్యస్థ, ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లనే. మన దగ్గర నలిగి గట్టిపడ్డ దూది పరుపు, దానిమీద రెక్సిన్, దానిమీద మడతలు పడ్డ దుప్పటి. ఆ పరుపుకు ఈ ఫలితం వర్తించదు.

అందుకే డబ్బు ఖర్చుపెట్టే మొదటి వస్తువు పరుపు. ఐదారు అంగుళాల మందం, 40 డెన్సిటీ ఫోమ్ అడగండి. కవరు సాగే గుణం ఉన్నదై ఉండాలి. బిగుతైన రెక్సిన్ కవరు ఫోమ్‌ని గట్టి బల్లలా మార్చేస్తుంది, చెమట కూడా పట్టిస్తుంది. మూడు నెలలకోసారి పరీక్ష చేయండి: మనిషి పడుకుని ఉండగా పిరుదుల కింద, పరుపు అడుగు నుంచి అరచేయి పైకి పెట్టి దూర్చండి. ఎముక చేతికి తగిలితే ఆ పరుపు పని అయిపోయినట్టే. బుడగల ఎయిర్‌బెడ్‌కీ ఇదే పరీక్ష. చేతికీ శరీరానికీ మధ్య రెండు, మూడు సెంటీమీటర్ల గాలి మిగలాలి. ఎయిర్‌బెడ్ వేశాక జరిగే తప్పులు మూడు. బరువు మీటను మనిషి బరువుకు తిప్పకుండా ‘ఫుల్’లో పెట్టేయడం. దానిమీద దుప్పటి, రెక్సిన్, మళ్లీ దుప్పటి పరిచి బుడగల పని చంపేయడం. ఎయిర్‌బెడ్ ఉంది కదా అని తిప్పడమే మానేయడం. కరెంటు పోయినప్పుడు అది గంటల్లో చదునై అడుగు తగులుతుంది, కనుక ఇన్వర్టర్ లైను ఆ ప్లగ్గుకు ఉండాలి.

ఎవర్ని ఎంతసేపటికి తిప్పాలో తేల్చడానికి బ్రేడెన్ స్కేలు వాడండి. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1987లో ప్రచురించారు. ఆరు అంశాలు: నొప్పిని, ఇబ్బందిని గ్రహించి చెప్పగలగడం, చర్మానికి తగిలే తేమ, మంచం దిగి తిరగడం, మంచంలో తనంతట తాను కదలడం, తిండి, రాపిడి-జారుడు. మొదటి ఐదింటికి 1 నుంచి 4, చివరిదానికి 1 నుంచి 3. మొత్తం 6 నుంచి 23. ఇక్కడ మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా చదువుతారు, గోడమీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. 15–18 కొంచెం ప్రమాదం, 13–14 మధ్యస్థం, 10–12 ఎక్కువ, 9 లేదా అంతకన్నా తక్కువైతే చాలా ఎక్కువ. తిండి దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది: ప్లేటు పెట్టాం కాబట్టి 3 వేసేస్తారు. ప్లేటులో ఎంత మిగిలిందో చూసి వేయాలి. ఇంకో మాట, మొత్తం 17 వచ్చినా తేమ దగ్గర 1 ఉంటే ఆ మనిషిని వదిలేయకండి.

ఇప్పుడు లెక్క తిరగేద్దాం. మీ 12 మందిలో ఇద్దరు 9 లోపు, ఐదుగురు 10–12, ఐదుగురు 13–14 అనుకుందాం. మొదటి ఇద్దరికి రెండు గంటలే: 12 సార్లు. తర్వాతి ఐదుగురికి ఫోమ్ పరుపు మీద మూడు గంటలకు: 20. చివరి ఐదుగురికి నాలుగు గంటలకు: 15. మొత్తం 47. కింద చెప్పే పద్ధతిలో ఒక్కోటి 4 నిమిషాలకు దిగుతుంది. 188 నిమిషాలు, అంటే సుమారు మూడు గంటలు. ఏడు గంటల పని మూడు గంటలకు వచ్చింది, పెద్దవాళ్లకూ వరుసగా కాస్త నిద్ర దొరికింది. మతిమరుపు జబ్బున్నవాళ్లను రాత్రి ఆరుసార్లు లేపితే మర్నాడు సాయంత్రం వాళ్ల చిరాకును భరించేదీ మీ సిబ్బందే. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే ఆ మనిషి వెంటనే ఒక మెట్టు పైకి, అంటే తక్కువ విరామంలోకి మారాలి. ఈ అధికారం ఆయాకే ఇవ్వండి, మర్నాడు సిస్టర్ వచ్చేదాకా ఆగకూడదు.

ఇక తిప్పే పద్ధతి. మన దగ్గర ‘పక్కకు తిప్పడం’ అంటే పూర్తిగా గోడవైపు, 90 డిగ్రీలు. బరువంతా తుంటి ఎముక మొన మీద పడుతుంది. ఐర్లండ్‌లో జీనా మూర్ బృందం 2011లో 213 మంది మీద చేసిన అధ్యయనంలో, రాత్రిపూట మూడు గంటలకోసారి 30 డిగ్రీల వాలులో ఉంచినవాళ్లలో 3 శాతానికి పుండ్లొస్తే, మామూలుగా ఆరు గంటలకోసారి 90 డిగ్రీలు తిప్పినవాళ్లలో 11 శాతానికి వచ్చాయి.

30 డిగ్రీల వాలు చేతితో ఇలా వస్తుంది. దుప్పటి మీద, భుజాల నుంచి తొడల సగం దాకా వచ్చేలా రెండు మడతల కాటన్ దుప్పటిని డ్రా షీట్‌గా ఎప్పుడూ పరిచి ఉంచండి. ఇద్దరూ మంచానికి చెరోవైపు. ముందు పేరుపెట్టి లేదా వరసపెట్టి పిలవాలి: “తాతా, ఎడమవైపు కొంచెం వంచుతున్నాం, చేయి గుండె మీద పెట్టుకో.” చెప్పకుండా తిప్పితే నిద్రలో ఉన్న మనిషి కింద పడిపోతున్నానని భయపడి బిగుసుకుంటాడు, రైలింగ్ పట్టుకుంటాడు, బరువు రెట్టింపవుతుంది. డ్రా షీట్ అంచులను శరీరానికి దగ్గరగా చుట్టి పట్టుకుని, మనిషిని ముందు తిప్పే వైపుకు ఎదురు అంచుకు జరపాలి, లేకపోతే తిప్పాక మంచం చివర ఉంటాడు. పై మోకాలు వంచి, షీట్‌ను ఒకరు లాగుతుంటే రెండోవారు భుజం నుంచి నడుం కింది దాకా పొడవాటి దిండును వీపు వెనక దూరుస్తారు. ఇప్పుడు అసలు పరీక్ష: తోకెముక కింద అరచేయి పెట్టి చూడండి. చేయి సులువుగా దూరితే ఆ ఎముక పరుపును వదిలినట్టు. అదే చేత్తో కిందవైపు తుంటి మొనను కూడా తడమండి, అక్కడ గట్టిగా నొక్కుతుంటే ఎక్కువ తిప్పేశారని అర్థం, దిండు కొంచెం లాగండి. మోకాళ్ల మధ్య పలుచని దిండు. పిక్కల కింద పొడవునా ఇంకో దిండు, మడమలు గాలిలో వేలాడాలి. మడమ కింద నీళ్లు నింపిన గ్లవ్ పెట్టడం, పిరుదుల కింద రింగు ట్యూబు పెట్టడం ఇంకా చాలాచోట్ల చూస్తాం. రెండూ వద్దు. రింగు చుట్టూ ఒత్తిడి పడి మధ్యలో రక్తం ఆగిపోతుంది. నీళ్ల గ్లవ్ బరువును పంచలేనంత చిన్నది.

తిప్పినప్పుడే చర్మం చూడాలి, అందుకు టార్చి. ఎర్రటి చోట వేలితో మూడు క్షణాలు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే మొదటి దశ బెడ్‌సోర్ మొదలైనట్టు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. మన రంగు చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు, తెల్లబడటం అసలే కనిపించకపోవచ్చు. చేతివేళ్ల వెనకభాగంతో తాకి చూడండి: చుట్టుపక్కల కన్నా వేడిగానో చల్లగానో ఉందా, గట్టిగానో మెత్తగా పండులానో ఉందా, ముట్టుకుంటే ముఖం చిట్లిస్తున్నారా. నల్లటి, ఊదా నీడ పడితే లోపల కండ దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఆ ఎర్రటి చోట కొబ్బరినూనె పోసి రుద్దడం మన వాళ్లకు ప్రేమ. పీడనంతో నలిగిన కండను మళ్లీ నలిపినట్టవుతుంది, మానేయమని నచ్చజెప్పాలి. నూనె రాయాలనుంటే కాళ్లకూ చేతులకూ రాయనివ్వండి.

తల ఎత్తు గురించి ఒక ఇబ్బంది ఉంది. 30 డిగ్రీలకు మించి తల ఎత్తితే శరీరం కిందికి జారుతుంది; చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతుంది, లోపలి కండ ఎముకతో పాటు జారుతుంది. తోకెముక పుండ్లకు ఆ లాగుడు ఒక ముఖ్య కారణం. రైల్స్ ట్యూబ్ (ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం) ఫీడ్‌కి మాత్రం 30 నుంచి 45 డిగ్రీలు కావాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాజీ ఇది: ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి కాళ్లు వంచి, ఆ తర్వాతే తల ఎత్తండి. ఫీడ్ అయ్యాక ముప్పావు గంట నుంచి గంట ఉంచి దించండి. జారిపోయిన మనిషిని పైకి తేవడానికి చంకల్లో చేతులేసి లాగొద్దు. పక్షవాతం వచ్చిన భుజం కీలు అలాగే తప్పుతుంది, ఆయా నడుమూ అలాగే పడుతుంది.

నడుం గురించి ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఆయాలు మానేయడానికి ‘ఇంట్లో పనుంది’ అని చెప్పే కారణం వెనక తరచుగా ఇదే ఉంటుంది. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ తరఫున థామస్ వాటర్స్ 2007లో లెక్కకట్టింది ఏమిటంటే, రోగిని చేతులతో ఎత్తడంలో ఒక మనిషి మోయదగిన హద్దు 35 పౌండ్లు, సుమారు 16 కిలోలు. అదీ వంగకుండా, దగ్గరగా పట్టుకుని, రోగి గింజుకోకుండా ఉన్నప్పుడు. 50 కిలోల మామ్మగారి ఒక్క కాలే 8 కిలోలుంటుంది. రెండు కాళ్లు ఎత్తి డైపర్ మార్చడంతోనే హద్దు నిండిపోయింది. అందుకే డైపర్ మార్చేటప్పుడు కాళ్లెత్తకూడదు, పక్కకు దొర్లించి మార్చాలి. ‘నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తండి’ అని పోస్టరు అంటించి ఊరుకుంటే ఏమీ మారదు, ఎత్తే పనే తగ్గాలి. నున్నటి నైలాన్ బట్టను గొట్టంలా కుట్టిస్తే దర్జీ దగ్గర కొన్ని వందల్లో స్లైడ్ షీట్ తయారు. దాన్ని డ్రా షీట్ కింద దూర్చి జరిపితే మనిషి నీళ్లమీద పడవలా కదులుతారు. జరిపాక తీసేయడం మరిచిపోకూడదు, దాని మీదే వదిలేస్తే మంచం నుంచి జారిపడతారు. మంచం ఎత్తు ఆయా నడుం దగ్గరికి రావాలి. ఎత్తు మార్చే మంచాలు రెండు, మూడు కొనగలిగితే ఆ 9 లోపు స్కోరువాళ్లకు ఇవ్వండి. ఇటుకలు పెట్టి మంచాలెత్తే పని చేయొద్దు, తిరగగలిగినవాళ్ల మంచాలైతే అసలే వద్దు, పడిపోతారు.

తిండి విషయం త్వరగా చెప్తాను. పుండు ఉన్నా, వచ్చేలా ఉన్నా కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోలకు 62 నుంచి 75 గ్రాములు. రెండు పూటలా పప్పన్నం, పెరుగు పెడుతున్నాం కదా అంటారు. 200 గ్రాముల బియ్యంలో 14, 60 గ్రాముల కందిపప్పులో 13, 200 గ్రాముల పెరుగులో 6, మొత్తం 33. సగమే. రెండు గుడ్లు, 400 మిల్లీలీటర్ల పాలు చేర్చితే 58 దాకా వస్తుంది. గుడ్డు తినని వాళ్లకు పాలు, పనీరు, వేయించిన శనగపిండి జావ. పెద్దవాళ్లు అంత బియ్యం తినలేరన్నది మరో సంగతి, అందుకే చిన్నచిన్న మోతాదుల్లో ఆరుసార్లు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ అంకెలు వర్తించవు, డాక్టరు చెప్పిందే.

తడి వల్ల వచ్చే ఒరుపును బెడ్‌సోర్ అని రాయడం మీ లెక్కల్ని పాడుచేస్తుంది. ఒరుపు మడతల్లో, గజ్జల్లో, అంచులు తెలియకుండా విస్తరిస్తుంది. బెడ్‌సోర్ ఎముక మీద, అంచు తెలిసేలా ఉంటుంది. ఒరుపుకు గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలుచగా రాస్తే చాలు. టాల్కమ్ పౌడర్ తడికి ఉండకట్టి ఇసుకలా రాచుకుంటుంది. తెరుచుకున్న పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పోయొద్దు, కొత్తగా పుడుతున్న కండను కాల్చేస్తాయి. నార్మల్ సెలైన్‌తో కడగండి. దుర్వాసన, జ్వరం, చుట్టూ ఎర్రగా పాకడం, ఎముక కనిపించడం, తోకెముక దగ్గర నల్లటి పెచ్చు వీటిలో ఏదున్నా అదేరోజు ఆసుపత్రికి. మడమ మీద గట్టిగా, పొడిగా, చీము లేకుండా ఉన్న నల్ల పెచ్చును మాత్రం గోకి తీయకండి.

ఇప్పుడు ఒత్తిడి క్లాసు. శ్వాస వ్యాయామాలు, రిలాక్సేషన్ వల్ల ఆరోగ్య సిబ్బందికి కొంత ఉపశమనం వస్తుందని పరిశోధనలు చెప్తాయి, కాదనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను (పని ఒత్తిడితో ఒళ్లూ మనసూ పూర్తిగా అలిసిపోవడాన్ని) పనికి సంబంధించిన పరిస్థితిగా వర్గీకరించింది, జబ్బుగా లెక్కించలేదు. లిండా ఐకెన్ బృందం 2002లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల లెక్కలు చూస్తే, నర్సుకు ఒక్క రోగి అదనంగా పడినప్పుడల్లా బర్నవుట్ అవకాశం 23 శాతం, ఆపరేషన్ చేయించుకున్న రోగి 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతూ పోయాయి. ఆసుపత్రి నర్సుల సంఖ్యలను మీ ఆయాలకు యథాతథంగా అంటించలేం, దిశ మాత్రం అదే. యూరప్‌లో 12 దేశాల్లో 31,627 మంది నర్సులను అడిగిన 2014 అధ్యయనంలో 12 గంటలు, ఆపై షిఫ్టులు చేసేవాళ్లు పనులు వదిలేయాల్సి వస్తోందనీ, సంరక్షణ నాణ్యత తగ్గిందనీ ఎక్కువగా చెప్పారు. మీకు మూడు షిఫ్టులు పెట్టే స్తోమత లేకపోతే కనీసం ఇవి చేయండి: వరుసగా మూడు రాత్రులకు మించొద్దు. రాత్రి 1 నుంచి 4 మధ్య ఒక్కొక్కరికి 40 నిమిషాలు వంతులవారీగా పడుకునే హక్కు, దానికి వేరే గది, అలారం. పై లెక్కలో మిగిలిన నాలుగు గంటలు ఇందుకే. ఒకరు పడుకున్న ఆ 40 నిమిషాల్లో ఇద్దరూ కలిసి చేసే తిప్పడం పెట్టకండి. తెల్లవారుజాము స్నానాలు పగటి డ్యూటీకి మార్చండి.

స్నానమే ఇంకో పెద్ద ఒత్తిడి. మతిమరుపు ఉన్నవాళ్లు కొట్టడం, గిల్లడం, బూతులు తిట్టడం ఎక్కువగా జరిగేది బాత్‌రూమ్‌లో. ఫిలిప్ స్లోన్ బృందం 2004లో అమెరికా నర్సింగ్ హోముల్లో చూసింది: మనిషి ఇష్టాన్ని బట్టి షవర్ పద్ధతి మార్చితే దూకుడు 53 శాతం, మంచం మీదే తడి తువ్వాలు స్నానం చేయిస్తే 60 శాతం తగ్గింది. పెద్ద తువ్వాలును గోరువెచ్చని నీళ్లలో, కడగక్కర్లేని సబ్బు కలిపి పిండి, ఒళ్లంతా కప్పి, తువ్వాలు మీద నుంచే మర్దన చేసినట్టు తుడవాలి. ఒంటిమీద బట్ట తీసినట్టే ఉండదు, చలి వేయదు. చాలా గొడవకు కారణం సిగ్గు, చలి, అంతే. కొడుకులూ కూతుళ్లూ వచ్చి ఆయాలను ‘ఏయ్’, ‘ఒసేయ్’ అనడం మాత్రం జబ్బు కాదు. చేర్చుకునే రోజే, ఫీజు కాగితంతో పాటు, మా సిబ్బందిని ‘మీరు’ అనాలని చెప్పి సంతకం తీసుకోండి. ఎవరైనా పోతే ఆ మంచం గంటలో నింపేయకండి. ఎనిమిది నెలలు గోరుముద్దలు తినిపించిన మామ్మ పోయాక, ఆ ఆయా పది నిమిషాలు కూర్చుని ఏడ్చి టీ తాగే వీలు కూడా లేకపోతే తర్వాతి మామ్మకు దూరం జరిగే పని చేస్తుంది.

శిక్షణ ఒకరోజు హాల్లో వద్దు. డ్యూటీ మారే వేళ 20 నిమిషాలు, మంచం దగ్గరే, వారానికి ఒక్క నైపుణ్యం. మొదటి వారం ప్రతి ఆయా తానే మంచం మీద పడుకోవాలి. మిగతావాళ్లు ముందు చెప్పకుండా ఒకసారి, చెప్పి ఒకసారి తిప్పాలి. తేడా ఒళ్లే చెప్తుంది. తర్వాత వాళ్లు చేసి చూపించాలి, మీరు చెక్‌లిస్టు పట్టుకుని చూడాలి: పిలిచిందా, షీట్ దగ్గరగా పట్టిందా, తోకెముక కింద చేయి పెట్టిందా, మడమ వేలాడుతోందా, చర్మం తాకి చూసిందా. నెలకోసారి మళ్లీ.

పరిశోధన విషయానికొస్తే, మన కాలేజీల్లో అలవాటైన ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్, ప్రీటెస్ట్, పోస్ట్‌టెస్ట్’ పద్ధతి దయచేసి వద్దు. పాఠం చెప్పి వారం తర్వాత అదే ప్రశ్నపత్రం ఇస్తే మార్కులు పెరగక ఏమవుతాయి? డోనల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, ఫలితం మారిందా. మన థీసిస్‌లు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాయి. మీరు మూడూ నాలుగూ కొలవండి. మూడోదానికి పై చెక్‌లిస్టు. నాలుగోదానికి 1000 వృద్ధ-దినాలకు కొత్త పుండ్లు: 12 మంది, 30 రోజులు అంటే 360 దినాలు, ఆ నెలలో రెండు కొత్త పుండ్లొస్తే 1000కి 5.6. మార్పుకు ముందు మూడు నెలలు, తర్వాత ఆరు నెలలు, నెలనెలా గ్రాఫ్ గీయండి. చేరిన 8 గంటల్లోపు తల నుంచి కాలి దాకా చర్మం చూసి రాయకపోతే, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న పుండు మీ ఖాతాలో పడుతుంది. ఇంకో హెచ్చరిక: ఆయాలు నిజంగా చూడటం నేర్చుకున్న మొదటి నెల మొదటి దశ పుండ్లు పెరిగినట్టు కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి ప్రయోగం ఆపకండి, రెండో దశ (చర్మం తెరుచుకున్నవి), ఆపై పుండ్లను వేరే గీతగా గీయండి.

సిబ్బంది అలసటకు మాస్లాక్ ప్రశ్నావళి ప్రసిద్ధమే గానీ డబ్బులిచ్చి కొనాలి. డెన్మార్క్‌లో క్రిస్టెన్‌సెన్ బృందం 2005లో ప్రచురించిన కోపెన్‌హేగన్ బర్నవుట్ ఇన్వెంటరీ ఉచితం. 19 ప్రశ్నలు: వ్యక్తిగతం 6, పనికి సంబంధించి 7, సేవ పొందేవారికి సంబంధించి 6. జవాబుకు 100, 75, 50, 25, 0. పని ప్రశ్నల్లో ‘ఇంటివాళ్లతో గడపడానికి ఓపిక మిగులుతుందా’ అన్నదానికి మార్కులు తిరగేసి వేయాలి, చాలామంది ఇక్కడే తప్పుతారు. తెలుగులోకి ఒకరు అనువదించి, అసలు చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి పోల్చాలి. చదవలేని ఆయాలకు చదివి వినిపించే మనిషి బయటివారై ఉండాలి. మీరు చదివితే అందరికీ అంతా బాగానే ఉన్నట్టు వస్తుంది. పది మంది సిబ్బందిలో వయసు, కులం, షిఫ్టు అని విడగొట్టి పట్టికలు వేస్తే ఎవరేం చెప్పారో మేనేజర్‌కి ఇట్టే తెలిసిపోతుంది, వేయొద్దు. నైతిక కమిటీ అనుమతి ముందే కావాలి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చూడండి. మతి నిలకడ లేనివాళ్ల తరఫున కుటుంబం ఒప్పుకోవాలి, అయినా ఆ పెద్దావిడ ఆ పూట చేయి తోసేస్తే ఫొటో తీయకూడదు. ఒక్క ఆశ్రమంతో, 12 మందితో ‘ప్రభావం నిరూపించాం’ అని రాయలేరు. ఏం చేశాం, ఎంత ఖర్చయింది, ఎక్కడ తప్పింది అని రాస్తే మాత్రం పక్క జిల్లాలో ఆశ్రమం నడిపేవాళ్లకు నేరుగా పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక రాత్రి, ఆయాలకు ముందే చెప్పి, రెండు గంటలకు వెళ్లండి. స్టాప్‌వాచీతో పది తిప్పడాలు కొలవండి, ఐదో దానికి మీరే ఒక చివర పట్టుకోండి. నా 6 నిమిషాలు, 4 నిమిషాలు మీ మంచాల ఎత్తుకు, మీ వార్డు పొడవుకు మారతాయి. మీ అంకె వచ్చాకే రోస్టర్ వేయండి.